బెదురు పెయ్యను మచ్చిక చేసుకోవడం ఎలా?

పెయ్యను కొనేటప్పుడు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందని అడుగుతాం. పళ్లు చూస్తాం, సుడులు చూస్తాం. మనిషి చేయి తగిలి పెరిగిందా లేదా అని మాత్రం అడగం. ఇంటికి తెచ్చి బండిలోంచి దించాక సంగతి తెలుస్తుంది. తాడు పట్టుకోబోతే గోడకేసి గుద్దుకుంటుంది. మేత గంప పట్టుకుని కొట్టంలోకి అడుగు పెడితే చాలు, తోక ముడుచుకుని మూలకు పోయి పేడ వేస్తుంది.

మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇలాంటి పెయ్యలు ఎక్కువగా మందల నుంచి వస్తాయి. నల్లమల అంచు ఊళ్లలో, అనంతపురం గుట్టల కింద పదుల కొద్దీ ఆవులు కలిసి మేతకు పోతాయి, రాత్రికి ఎవరి చేలోనో మంద కడతాయి. అక్కడ పుట్టిన పెయ్యకు మనిషంటే దూరం నుంచి అదిలించే కర్ర, అంతే. పెద్ద షెడ్లలో తల్లి నుంచి వెంటనే విడదీసి, గుంపుగా పెంచిన జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ పెయ్యలకు మనిషి కొత్త కాదు గానీ, మనిషి చేయి కొత్త. ఇక దెబ్బలు తిని, రెండు మూడు సంతలు తిరిగి వచ్చినవి ఉంటాయి. వాటి పని కొంచెం కష్టం. మడకశిర, హిందూపురం వైపు కనిపించే హళ్లికార్ జాతి పుట్టుకతోనే చురుకు. దాని ఉలికిపాటు చూసి పొగరుబోతని తీర్మానించకండి.

వీటన్నిటికీ నేను నమ్మే దారి ఒకటే. మీరు తర్వాత ఏం చేయబోతున్నారో పెయ్యకు ముందే తెలిసేలా నడుచుకోవాలి. రోజూ అదే వేళకు, అదే దారిలో, అదే మాటతో రావాలి. నలుగురు పట్టి వంచితే పెయ్య ఆ పూటకు ఆగుతుంది. రేపు ఈనే నాటికి మూడు నాలుగు క్వింటాళ్లు తూగే పశువుతో రోజూ నలుగురు కలిసి కుస్తీ పట్టడం ఏ ఇంట్లోనూ కుదరదు. ఒక్క ఆడమనిషి చెంబు పట్టుకుని పక్కన కూర్చుంటే కదలకుండా నిలబడాలి. మనం చేరాల్సింది అక్కడికి.

ఎన్ని రోజులు పడుతుంది? షెడ్డు పెయ్యకు రెండు మూడు వారాలు సరిపోవచ్చు. మందలో పెరిగినదానికి రెండు నెలలైనా చేతిలో పెట్టుకోండి. పాలు మరిచిన కొత్తలో, ఊరు మారిన కొత్తలో మొదలుపెడితే తొందరగా దారికొస్తుంది, ఎందుకంటే అప్పుడు పాత అలవాట్లన్నీ తెగి ఉంటాయి. చూడి నిండాక మొదలుపెడదాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే.

ముందు ఒంట్లో బాగుందో లేదో చూడండి

మొదటి నుంచీ బెదురుగా ఉండటం వేరు. నిన్నటిదాకా సాధువుగా ఉన్నది ఈరోజు బెదరడం వేరు. రెండోది అయితే మచ్చిక మాట పక్కన పెట్టి డాక్టరును పిలవండి. ఒకే పక్క నుంచి వెళ్లినప్పుడు ఉలిక్కిపడుతుంటే ఆ పక్క కన్ను చూడండి. పొర కమ్మి ఉండొచ్చు, నీరు కారుతుండొచ్చు. చెవి ముట్టనివ్వకపోతే ట్యాగు వేసిన చోట పుండు పడిందేమో చూడాలి. పాత తాడు మెడ కోసిన గాయం గంగడోలు మడతల్లో దాక్కుని ఉంటుంది. నొప్పి ఉన్నచోట చేయి వేస్తూ మచ్చిక చేయాలనుకుంటే పెయ్య నేర్చుకునేది భయమే.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. కుక్క కరిచిందని తెలిసినా, లేదా పశువు ఉన్నట్టుండి మీద పడుతున్నా, గొంతు మారి అదే పనిగా అరుస్తున్నా, చొంగ కారుస్తూ నీళ్లు మింగలేకపోతున్నా దాని నోట్లో చేయి పెట్టకండి. గొంతులో ఏదో ఇరుక్కుందని చేయి దూర్చి చూసే అలవాటు మన ఊళ్లలో ఉంది. అది రేబీస్ కావచ్చు. చొంగ తగిలిన చేతిని సబ్బుతో బాగా కడుక్కుని ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పశువు కోసం 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం ఉచితంగా వస్తుంది. కడప జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, పెద్ద సమస్యలకు అక్కడ అడగొచ్చు.

చోటు

కొత్త పెయ్యను దించిన రోజే గుంజకు కట్టేయడం మన అలవాటు. తాడు ఎరుగని పెయ్య మొదటి గంటలో గింజుకుని మెడకు ఉరి బిగించుకోవచ్చు, కాలు మడత పడొచ్చు. వీలైతే నాలుగు వైపులా మూసిన చిన్న దొడ్డి చూడండి. పదిహేను అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉంటే చాలు. మరీ పెద్దదైతే మీరు వెంటపడాల్సి వస్తుంది, మరీ చిన్నదైతే దానికి తప్పుకునే చోటు ఉండదు. తప్పుకునే దారి లేని పశువే పొడుస్తుంది, దూకుతుంది. కంచె ఛాతీ ఎత్తుకు తగ్గకూడదు. ముళ్లతీగ మాత్రం వద్దు.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. మన దగ్గర కొట్టాల్లో కడప బండలో బేతంచెర్ల బండలో పరుస్తారు. కడగడానికి బాగుంటాయి గానీ పేడ, ఉచ్చ పడి తడిసినప్పుడు గిట్టలు జారిపోతాయి. బెదిరిన పెయ్య ఒకసారి జారిపడిందంటే ఆ తర్వాత ఆ చోటుకే రానంటుంది. మీరు ఎంత నెమ్మదిగా ఉన్నా కాళ్ల కింద నేల దాన్ని భయపెడుతూనే ఉంటుంది. బండల మీద ఇసుకో మట్టో మందంగా పోయండి, లేదా మచ్చిక అయ్యేదాకా మట్టి నేల మీదే ఉంచండి.

గాలికి కొట్టుకునే వస్తువులు తీసేయండి. యూరియా సంచులు, కప్పు మీద లేచి పడే రేకు, అడవిపందులకు భయపడి చేను చుట్టూ కట్టిన పాత చీరల కొనలు, ఇవన్నీ మనకు కనిపించవు, పెయ్యకు మాత్రం క్షణక్షణం కనిపిస్తాయి. ఎర్ర చీర కట్టుకుంటే పొడుస్తుందన్న మాటకు ఆధారం లేదు. ఆవులకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు. చీర రంగు ఏదైనా కొంగు ఎగిరితేనే వాటికి బెదురు. కొంగు బిగించి దోపుకోండి, టవలు భుజం మీద వేలాడనివ్వకండి.

పెయ్యను ఒంటరిగా పెట్టవద్దు. ఆవు గుంపులో బతికే జంతువు. మీ ఇంట్లో సాధువైన పెద్దావు ఉంటే దాన్ని కంచె అవతల కట్టండి. పెద్దావు మీ చేతి మేత తింటుంటే, మీరు దాని మెడ గోకుతుంటే పెయ్య అంతా చూస్తుంది. మీరు పది రోజుల్లో చెప్పలేనిది పెద్దావు రెండు రోజుల్లో చెబుతుంది.

పెయ్య మిమ్మల్ని ఎలా చూస్తుంది

ఆవు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనక కనిపించదు, మూతికి మరీ దగ్గరగా ముందున్నదీ కనిపించదు. దూరం, లోతు అంచనా వేయడంలో చూపు మనంత పదును కాదు. నేల మీద నీడ పడినా, నీళ్ల గుంట కనిపించినా ఆగిపోయి తల వంచి చూసేది అందుకే. అప్పుడు వెనక నుంచి తోయకండి, చూసుకోనివ్వండి. చెవులు మనకంటే సన్నని, కీచు శబ్దాలను కూడా పట్టుకుంటాయి. ఈల, ఇనుప గేటు చప్పుడు, పిల్లల కేకలు దానికి చాలా పెద్దవి.

ప్రతి బెదురు పశువు చుట్టూ కంటికి కనిపించని ఒక గీత ఉంటుంది. అది దాటి లోపలికి వస్తే కదులుతుంది, బయట ఆగితే నిలబడి మనల్నే చూస్తుంది. మంద పెయ్యకు ఈ గీత చాలా దూరంలో ఉండొచ్చు, పాడి ఆవుకు అసలు ఉండదు. మచ్చిక అంటే ఆ గీతను రోజురోజుకూ దగ్గరికి జరపడమే. మీ పెయ్యకు అది ఎక్కడుందో మొదటి రోజే కనిపెట్టండి. పక్క నుంచి నెమ్మదిగా నడుస్తూ వెళ్లండి. తల ఎత్తి, రెండు చెవులూ మీ వైపు తిప్పి, నెమరు ఆపిందంటే గీత దగ్గరికి వచ్చినట్టు. ఇంకో అడుగు వేస్తే కదులుతుంది.

రెండో గుర్తు జబ్బ. జబ్బకు వెనక నిలబడి దగ్గరికి వెళ్తే పశువు ముందుకు పోతుంది, జబ్బకు ముందు నుంచి వెళ్తే వెనక్కి తగ్గుతుంది. ఇది తెలిస్తే కర్ర లేకుండానే, కేక లేకుండానే పెయ్యను దొడ్డిలో మీకు కావాల్సిన చోటికి తిప్పుకోవచ్చు.

మొదటి వారం: దగ్గరికి పోకుండా దగ్గర కావడం

రోజుకు రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, పావుగంట చొప్పున చాలు. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కదా, మధ్యాహ్నం పశువు రొప్పుతూ ఉంటుంది, అప్పుడు ఏ పాఠమూ ఎక్కదు. ఒక్క మనిషే వెళ్లాలి. ఇంట్లో అందరూ తలో చేయి వేయబోతే పెయ్య ఎవరినీ నేర్చుకోదు.

దొడ్డి బయటే పిలవండి. ఒక పేరు పెట్టండి, లచ్చిమీ అనో గౌరీ అనో, సాగదీసి పిలిచేలా. రాకముందే పిలుపు వినపడితే మీరు ఊడిపడినట్టు అనిపించదు. లోపలికి వచ్చి మేత గాడిలో వేసి, గీతకు బయట ఒక పక్కన కూర్చోండి. కూర్చున్న మనిషి నిలబడ్డ మనిషి కంటే చిన్నగా కనిపిస్తాడు. అయితే కొమ్ములున్న, మీద పడే రకం పెయ్య దగ్గర కూర్చోకండి. కంచె అవతల కూర్చోండి. కళ్లలోకి సూటిగా చూడకండి, వేటాడే జంతువు అలా చూస్తుంది. నేల వైపు చూస్తూ ఏదో ఒకటి మాట్లాడండి. ఏం మాట్లాడినా ఫర్వాలేదు, గొంతు మాత్రం ఒకే తీరుగా సాగాలి.

రెండు మూడు రోజులకు మీరు కూర్చుని ఉండగానే తినడం మొదలుపెడుతుంది. అప్పుడు గీత దాకా వెళ్లి ఆగండి. పెయ్య చెవులు సడలించినా, తల దించినా, నాలుకతో ముట్టె నాక్కున్నా, వెంటనే ఒక అడుగు వెనక్కి వేయండి. ఈ వెనకడుగే ఈ పని మొత్తానికీ గుండెకాయ. తను నెమ్మదిస్తే మనిషి తప్పుకుంటాడని పెయ్యకు అర్థమవుతుంది. పారిపోవాల్సిన పని లేదని తెలిసిన పశువు నిలబడుతుంది. అది బెదిరి పరిగెత్తినప్పుడు మీరు తప్పుకుంటే దీనికి సరిగ్గా వ్యతిరేకం నేర్పినట్టవుతుంది. పరిగెడితే కదలకుండా నిలబడండి, ఆగాక వెనక్కి జరగండి.

బాగా బెదిరిందంటే ఆ పూటకు ఆపేయండి. పశువు గుండె దడ తగ్గి మామూలు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ లోపల ఏం చేసినా భయానికి భయం కలుస్తుంది.

చేతి మేత దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా దెబ్బతింటారు. చెనక్కాయ చెక్క నానబెట్టి పిడికెడు పెడితే ఏ పెయ్యకైనా నోరూరుతుంది, చిన్న బెల్లం ముక్క కూడా మంచిదే. కానీ ఇష్టంగా తింటోంది కదా అని గంపెడు పెడితే కడుపు చెడుతుంది. దాణా అలవాటు లేని మంద పెయ్యకు కొత్తలో రోజు మొత్తం మీద అరకిలో దాటనివ్వకండి. బూజు పట్టిన చెక్క అసలు వద్దు, అందులో విషం ఉంటుంది. రెండోది పచ్చిమేత ఆశ చూపడం. వానలు ఎత్తిపోయి వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చిన జొన్న పిలకలు పెడితే నాము (లేత జొన్నలో ఉండే విషం) తగిలి పశువు కాసేపట్లోనే పడిపోతుంది. జొన్నసొప్ప పెట్టదలిస్తే బాగా ఎండినది పెట్టండి. చెనక్కాయ కట్టె అన్నిటికంటే నిశ్చింత.

మేతను మొదట నేల మీద, మీకు దూరంగా పెట్టండి. రోజుకు కొంచెం దగ్గరికి జరుపుతూ చివరికి చేటలో, ఆ తర్వాత అరచేతిలో. అరచేతిలో తిన్న రోజునే మెడ పట్టుకోబోకండి. తినడానికి వస్తే పట్టుకుంటారని తెలిసిందంటే మళ్లీ మొదటికి వస్తుంది.

చేయి వేయడం

మొదట చేతికి బదులు పొడుగు కర్ర వాడండి. నాలుగైదు అడుగుల వెదురు కొనకు మెత్తని పాత గుడ్డ గట్టిగా చుట్టి, కొసలు వేలాడకుండా కట్టండి. ఆ కర్రను ముందు పెయ్య వాసన చూడాలి. పెద్దావును దానితో గోకి చూపించినా మంచిదే. తర్వాత తినేటప్పుడు జబ్బ మీద ఆనించి, కదలకుండా నిలబడితే తీసేయండి. ఆనించడం, తీయడం, అంతే. రెండు మూడు రోజుల్లో గోకనిస్తుంది. కర్రను రోజురోజుకూ పొట్టిది చేసుకుంటూ పోతే చివరికి మీ చేయే మిగులుతుంది. కర్రతో దెబ్బలు తిని వచ్చిన పెయ్యకు మాత్రం ఇది పనికిరాదు, కర్ర చూస్తేనే వణుకుతుంది. దానికి చేటలో తినే దశలోనే ఎక్కువ రోజులు గడపాలి.

చేయి వేయాల్సిన చోటు జబ్బ, మూపురం పక్క, ఆ తర్వాత మెడ కింద, గంగడోలు. ఆవులు ఒకదాన్నొకటి నాక్కునేది ఎక్కువగా మెడ దగ్గరే. మెడ కింద నిమిరితే పశువు గుండె వేగం తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. మెడ ముందుకు సాచి, కళ్లు అరమోడ్చి, మీ మీద బరువు ఆనిస్తే అది మీకు దొరికినట్టే. తట్టడం కంటే గట్టిగా, నెమ్మదిగా గోకడం మేలు. వేళ్లు తేలిగ్గా ఆడిస్తే ఈగ వాలిందనుకుని చర్మం అదురుతుంది.

నుదుటి మీద, కొమ్ముల మధ్య నిమరకండి. చిన్న పెయ్య తల వంచి తోస్తుంటే ముద్దుగా ఉంటుంది, పిల్లలు అదే ఆటగా ఆడతారు. ఆవులు బలం చూసుకునేది ఆ చోటుతోనే. ఆ ఆట నేర్చిన పెయ్య పెద్దదయ్యాక మనిషిని గోడకు అదుముతుంది.

గోకనిచ్చాక కొబ్బరి పీచు తీసుకుని ఒళ్లంతా రుద్దండి, గోమార్లు (పిడుదులు) ఏరండి. చెవుల లోపల, తోక మొదట్లో, పొదుగు పక్కన గోమార్లు దాక్కుంటాయి. వాటిని ఏరించుకున్న సుఖం పెయ్య మరిచిపోదు. రెండు పక్కల నుంచీ చేయి వేయడం అలవాటు చేయండి. ఎడమ పక్క నేర్చింది కుడి పక్కకు తనంతట తాను తెచ్చుకోదు.

తాడు

అందరూ తొందరపడేది ఇక్కడే. చేయి వేయనిచ్చిన పెయ్యకే తాడు, ఆ వరస మార్చకండి.

తాడు నూలుదో, జనుముదో, పుండినారదో అయి ఉండాలి, వేలెడు మందం ఉండాలి. నైలాన్ తాడు చవక, చివకదు, కానీ గింజుకుంటే చర్మం కాలినట్టు కోసుకుపోతుంది. మెడకు వేసే ముడి లాగినా బిగుసుకోకూడదు. మెడకు చుట్టిన ఆ తాడుకూ, అంటే తలుగుకూ, మెడకూ మధ్య నాలుగు వేళ్లు దూరాలి. గుంజ దగ్గర మాత్రం ఒక కొస లాగితే వెంటనే ఊడే జారుముడి వేయండి. పెయ్య కింద పడి గింజుకుంటుంటే కత్తి కోసం వెతికే సమయం ఉండదు.

మొదట తాడును గోకే గుడ్డలాగే వాడండి. మెడ మీద వేసి తీయండి, జబ్బ మీద, వీపు మీద రాయండి. ఒళ్లంతా తాడు తగిలినా పట్టించుకోనప్పుడు తలుగు కట్టి వదిలేయండి. ఒకటి రెండు రోజుల తర్వాత తలుగుకు నాలుగైదు అడుగుల పలుపు కట్టి, మీరు చూస్తూ ఉండగా దొడ్డిలో లాక్కుంటూ తిరగనివ్వండి. తన కాలే పలుపును తొక్కుతుంది, తల ఆగుతుంది, కాలు తీస్తే వదులవుతుంది. తాడు బిగిస్తే ఆగాలని, ఒక అడుగు తగ్గితే వదులవుతుందని దానికదే నేర్చుకుంటుంది. దీనికి మనిషితో గొడవ లేదు కాబట్టి మనిషి మీద కోపమూ ఉండదు. ఎవరూ లేనప్పుడు మాత్రం పలుపు విప్పేయండి, దేనికైనా చుట్టుకుంటుంది.

కట్టేటప్పుడు కదలని గుంజకు, పెయ్య జబ్బ ఎత్తులో కట్టండి. కింద కడితే కాళ్లకు పడుతుంది. పొడవు రెండు మూడడుగులు చాలు. మొదటి రోజు కొద్ది నిమిషాలే, ముందర మేత పెట్టి, మీరు పక్కనే ఉండి. లాగుతుంటే విప్పకండి. పలుపు వదులుగా వేలాడినప్పుడే విప్పండి. లాగితే విడుదల దొరుకుతుందని ఒకసారి తెలిస్తే జీవితాంతం లాగుతూనే ఉంటుంది. మెడ ఒరుసుకుపోతున్నా, ఊపిరి అందక గురక వస్తున్నా ఈ నియమం పక్కన పెట్టి వెంటనే వదిలేయండి.

నడిపించేటప్పుడు ఎదురుగా నిలబడి లాగితే నాలుగు కాళ్లూ తన్నిపెట్టి నిలబడుతుంది. జబ్బ పక్కన నిలబడి, తాడును కొంచెం పక్కకు బిగించి ఆగండి. ఒక కాలు కదిలిన క్షణంలో తాడు వదులు చేయండి, మెడ కింద గోకండి. మళ్లీ బిగించండి. మొదటి రోజు పది అడుగులు నడిస్తే గొప్ప. తాడును చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. పెయ్య పరిగెడితే తాడు వదిలేయండి, దొడ్డిలోనే ఉంటుంది కదా.

ముకుతాడు గురించి అందరూ అడుగుతారు. నా అభిప్రాయం, పాడి పెయ్యకు చాలాసార్లు అది అక్కర్లేదు. ముట్టె మీదుగా తిప్పి చెవుల వెనక కట్టే తలతాడు సరిపోతుంది. తలను తిప్పగలిగితే ఒళ్లంతా తిరుగుతుంది. ముకుతాడు వేయక తప్పదనుకుంటే చేయి తిరిగినవాళ్లతో, శుభ్రమైన సూదితో వేయించండి, పుండు మానేదాకా దాన్ని పట్టి లాగకండి. పచ్చి పుండు మీద లాగిన ఆ నొప్పి మీ ముఖంతో ముడిపడిపోతుంది. అందుకే ముక్కు కుట్టే రోజు మచ్చిక చేసే మనిషి పట్టుకోకూడదు.

ఇదే మాట టీకాలకూ వర్తిస్తుంది. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేస్తారు, ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రూసెల్లా టీకా ఒకసారి వేస్తారు. ఇవి మానకూడదు. ఆ రోజు వేరే మనిషి పట్టుకోవాలి, సూది అయ్యాక మీరు చెక్క పట్టుకుని రావాలి.

వీధిలోకి

దొడ్డిలో వెంట నడుస్తున్నాక, పెద్దావును ముందు పెట్టి వీధిలోకి తీసుకెళ్లండి. పొద్దున్నే, ట్రాక్టర్లు లేని వేళ. ఏదైనా చూసి ఆగితే మీరూ ఆగండి, అది వాసన చూసి ఊపిరి వదిలాక కదలండి. పెళ్లి డీజే, పీర్ల పండుగ తప్పెట్లు, దీపావళి టపాకాయలు ఉన్న రోజుల్లో కొట్టంలోనే ఉంచండి. రోడ్డు దాటించాల్సి వస్తే ఇద్దరు ఉండాలి.

పొదుగు, కాళ్లు, తొలి ఈత

చూడి కట్టాక మచ్చికలో అసలు పరీక్ష మిగిలే ఉంటుంది. ఆవు చూడి తొమ్మిది నెలలు దాటి మరో వారం పది రోజులు. చివరి రెండు నెలల్లో రోజూ మేత తినేటప్పుడు చేతిని జబ్బ నుంచి వీపు మీదుగా, డొక్క మీదుగా పొదుగు దాకా తీసుకెళ్లండి. చేయి ఎత్తకుండా జార్చుకుంటూ వెళ్తే ఎక్కడుందో దానికి తెలుస్తూ ఉంటుంది. కాలు ఎత్తితే చేయి తీయకుండా, అక్కడే ఆనించి ఉంచండి. కాలు దించాక తీయండి. చన్నులను ముట్టుకోవచ్చు గానీ పిండకూడదు. ఈనకముందు చన్ను కొన సహజంగా మూసుకుని ఉంటుంది. అది తెరుచుకుంటే పొదుగువాపు క్రిములు లోపలికి పోతాయి.

ఆవు తన్నే తీరు గుర్రం తన్నుకు వేరు. వెనక కాలు ముందుకు, పక్కకు తిప్పి వెనక్కి విసురుతుంది. అందుకని దూరంగా వంగి చేయి చాపే మనిషికే గట్టిగా తగులుతుంది. డొక్కకు భుజం ఆనించి, దగ్గరగా, ముందు వైపుకు నిలబడితే దెబ్బ ఊపందుకోదు, కాలు లేవబోతోందని మీ భుజానికి ముందే తెలుస్తుంది.

ఈనిన మొదటి ఒకటి రెండు రోజులు ఎంత సాధువైనా దూడను కాపాడుకోవడానికి మీద పడొచ్చు. తల్లికీ దూడకూ మధ్యలోకి వెళ్లకండి, పిల్లలను రానివ్వకండి. జున్నుపాలు దూడ తాగేలా చూసుకుంటూనే, పక్క నుంచి పిలుస్తూ వెళ్లండి. పితికేటప్పుడు దూడను తల దగ్గర, తల్లి నాక్కునేలా ఉంచండి.

పాలు చేపడం ఆవు చేతిలో లేదు, దాని నెత్తుట్లో ఉంది. పొదుగు తుడిచి, దూడ కుడిచిన ఒక నిమిషంలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు దిగుతాయి. దాని ప్రభావం ఐదు నుంచి ఏడు నిమిషాలే. ఆ లోపు కేక వేసినా, కొట్టినా భయం హార్మోను అడ్డుపడి పాలు పైకి ఎగబట్టినట్టవుతుంది. బెదిరిన తొలిచూలు ఆవు పాలు తక్కువ ఇచ్చేది అందుకే. కొందరు దీనికి సూది వేస్తారు. పాలకోసం పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. పైగా అలవాటైతే సూది లేనిదే చేపదు.

తన్నుతోందని మొదటి రోజే వెనక కాళ్లకు బందం వేయకండి. బందంతో కింద పడితే పొదుగు నలుగుతుంది, భయం రెట్టింపవుతుంది. చన్ను పగుళ్లు, వాపు ఉన్నాయేమో ముందు చూడండి. ఈనిన కొత్తలో పొదుగు బిగిసి ఉండటమే నొప్పి. గోరువెచ్చని నీళ్లతో తుడవండి. గోళ్లు కత్తిరించుకోండి. వారం పది రోజులు నెమ్మదిగా చేసినా తగ్గకపోతేనే, పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండగా వదులుగా బందం వేసి, తన్నడం మానగానే తీసేయండి.

తోక మెలిపెట్టడం, ములుకర్ర, పస్తు పెట్టి లొంగదీయడం, ఇవేవీ ఈ దారిలో లేవు. ఎవరైనా సలహా ఇస్తే విని ఊరుకోండి.

పండుగ పూటో, వాన పూటో పెయ్య మళ్లీ వెనక్కి పోతుంది. అప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కాక, ఇంకో రెండు మెట్లు కిందికి దిగి మొదలుపెడితే తొందరగా కలిసొస్తుంది. రెండు నెలలు ఓపిగ్గా చేశాక కూడా మనిషిని చూసి తల వంచి మీదికి వస్తుంటే, అది బెదురు కాదు, దాడి. పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచకండి. డాక్టరు సలహాతో ఏం చేయాలో నిర్ణయించుకోండి. అమ్మదలిస్తే దాని గుణం దాచకుండా చెప్పండి.

మచ్చికైన పెయ్యను అమ్మినా కొన్నవాళ్లకు కొన్ని సంగతులు చెప్పి పంపాలి. ఏ పేరుతో పిలుస్తారు, ఏ పక్కన కూర్చుని పితుకుతారు, ఏ చోట గోకితే నిలబడుతుంది, ఏం చూస్తే ఉలిక్కిపడుతుంది. వీలైతే పాత తలుగు మెడలోనే ఉంచి, మీ గాడిలోని మేత ఒక మోపు వెంట పంపించండి. వాళ్ల ఇంటికి వెళ్లిన మొదటి పూట ఫోను చేసి, కట్టేయకుండా దొడ్డిలో వదలమని చెప్పండి.